ముప్ఫై వస్తే ఫెయిలేనా?

ఉగాది నాడు పంచాంగ శ్రవణం వినని ఇల్లు మనలో ఎన్ని ఉంటాయి చెప్పండి? గుడికి వెళ్ళడం కుదరకపోయినా, టీవీలో వస్తుంటే పచ్చడి గిన్నె చేత్తో పట్టుకునే "ఆగండాగండి, మన రాశి వస్తోంది" అని చెవి అటు పడేస్తాం. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత! వ్యయం ఎక్కువ చెప్పారనుకోండి, "ఆఁ, పోయినేడూ ఇలాగే అన్నారు, ఏమైంది కనక?" అని నవ్వేస్తాం. ఆదాయం ఎక్కువ చెబితే మాత్రం ఆ మాట నెల్లాళ్ళు గుర్తుంటుంది!

అమెరికాలో కూడా ఇలాంటి పంచాంగ శ్రవణం ఒకటి ఉందండీ. అది గుళ్ళో కాదు, పేపర్లలో, పత్రికల్లో, టీవీలో. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో బేస్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు ఏ జట్టు ఎన్ని ఆటలు గెలుస్తుంది, ఎవరు పైకొస్తారు, ఎవరు అడుక్కి పోతారు అని లెక్కలు కట్టి మరీ చెబుతారు. తమాషా ఏమిటంటే, వీళ్ళ సీజనూ మన ఉగాదీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. 2023లో మన శోభకృత్ నామ సంవత్సరం మార్చి 22న వస్తే, ఎనిమిది రోజులకి, మార్చి 30న వాళ్ళ మొదటి ఆట.

"వంటలూ వడియాలూ చెప్పుకునే చోట ఈ బంతాట గోల ఏమిటమ్మా?" అనుకుంటున్నారు కదూ? కాస్త ఓపిక పట్టండి. ఈ ఆట లెక్కలు మా ఇంట్లో ఒక మనిషిని మంచం మీంచి లేపాయి. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆట సంగతి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

ఇంటి వంటలాంటి ఆట

బేస్‌బాల్‌లో పెద్ద లీగ్‌లో మొత్తం 30 జట్లు. అమెరికన్ లీగ్‌లో 15, నేషనల్ లీగ్‌లో 15. ఒక్కో లీగ్‌ని మళ్ళీ ఐదేసి జట్ల చొప్పున మూడు భాగాలు చేశారు. వీటిని డివిజన్లంటారు. ఒక్కో జట్టు ఆడాల్సిన ఆటలు ఎన్నో తెలుసా? 162! మార్చి చివర్లో మొదలుపెడితే సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఆటే. అందులో బాగా ఆడిన 12 జట్లని అక్టోబరులో జరిగే అసలు పోటీలకి తీసుకుంటారు. చివరికి మిగిలిన రెండు జట్లూ ఆడేదే వరల్డ్ సిరీస్.

మన క్రికెట్‌లో ఒక్క ఫైనల్ పోయిందంటే ఊరంతా తిండి మానేస్తారు. ఇక్కడ అలా కాదు. ఇవాళ ఓడినా రేపు మళ్ళీ ఆట ఉంటుంది. నాకీ ఆట నచ్చింది అందుకే. మన వంటిల్లూ ఇంతే కదా! ఇవాళ పప్పు మాడినా, రేపు పొద్దున్నే మళ్ళీ పొయ్యి వెలిగించాల్సిందే. ఏడాది చివర చూసుకుంటే పిల్లలకి వేళకి తిండి పెట్టామా లేదా అన్నదే లెక్క.

ఇంత పెద్ద సీజన్ కాబట్టే ఎంత గొప్ప జట్టైనా బోలెడన్నిసార్లు ఓడుతుంది. 2001లో సియాటిల్ జట్టు 116 ఆటలు గెలిచింది. 1906లో షికాగో కబ్స్ పెట్టిన రికార్డుతో సమానం అది. అంత గెలిచినా 46 ఓడింది. పైగా అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడి, వరల్డ్ సిరీస్ గడప కూడా తొక్కలేదు. మరోవైపు 2024లో షికాగో వైట్ సాక్స్ జట్టు 121 ఆటలు ఓడి, ఆధునిక కాలంలో ఎవరూ ఓడనన్ని ఓడిన జట్టయింది. అంత ఘోరమైన జట్టు కూడా 41 గెలిచింది. మూడేళ్ళ ముందు, 2021లో, ఇదే జట్టు 93 ఆటలు గెలిచి డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచిందంటే నమ్ముతారా?

మరో ముఖ్యమైన సంగతి. ఈ ఆటలో బంతిని కొట్టడం చాలా కష్టం. బ్యాటు పట్టుకుని పదిసార్లు వచ్చినవాడు మూడుసార్లు సరిగ్గా కొట్టి బేస్ చేరుకుంటే, అంటే నూటికి 30 అన్నమాట, వాణ్ణి మొనగాడంటారు. సీజన్ మొత్తం మీద నూటికి 40 దాటించినవాడు 1941లో టెడ్ విలియమ్స్. ఆ తరవాత అమెరికన్, నేషనల్ లీగుల్లో మళ్ళీ ఎవరివల్లా కాలేదు. ఈ 30 అన్న అంకె కాస్త గుర్తుపెట్టుకోండి. దీంతో మనకి పనుంది.

మావారి మార్కులు

మేం ఉండేది డాలస్ పక్కన, మా అబ్బాయి దగ్గర. మావారు గుంటూరు జిల్లాలో ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా బిల్లులు, చలానాలు, కూడికలు, తీసివేతలు. ఇంట్లో పాలవాడి లెక్కలో రూపాయి తేడా వచ్చినా నిద్రపోయేవారు కాదు.

2022 డిసెంబరులో ఆయనకి గుండె నొప్పి వచ్చి బైపాస్ ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. జనవరిలో మళ్ళీ ఎకో పరీక్ష చేసి, గుండె పంపు చేసే శక్తి 30 శాతం ఉందని కాగితం మీద రాసిచ్చారు. డాక్టరమ్మ నెమ్మదిగా, ఓపిగ్గా చెప్పింది. "మంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా ఇది నూటికి నూరు ఉండదండీ. 55 నుంచి 70 దాకా ఉంటుంది. మీది తగ్గిన మాట నిజమే. మందులు వాడుతూ, నడుస్తూ, ఉప్పు తగ్గించుకుంటే కొందరికి పెరుగుతుంది. ఆరు నెలలాగి మళ్ళీ చూద్దాం" అంది.

మావారి చెవికి ఇదేదీ ఎక్కలేదు. ఇంటికొచ్చి కాగితం బల్ల మీద పెట్టి, "35 వస్తేనే పాసు. నాకు 30 వచ్చింది" అన్నారు. అంతే! ఆయన జీవితం పదో తరగతి పరీక్ష అయిపోయింది, ఆయన తప్పారు.

ఆ రోజునించీ నడక మానేశారు. అన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. "ఎందుకులే, లెక్క తేలిపోయిందిగా" అనడం మొదలుపెట్టారు. బ్యాంకు కాగితాలు, ఎల్‌ఐసీ కాగితాలు తీసి వరసగా సర్ది, ఏది ఎక్కడుందో నాకు చూపించారు. మీలో ఎవరికైనా ఇలాంటి రోజులు వచ్చుంటే నేను వేరే చెప్పక్కర్లేదు. వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడవడం ఎలాగో ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఫిబ్రవరిలో ఓ రోజు మా మనవరాలు, అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు, బేస్‌బాల్ పత్రిక ఒకటి పట్టుకుని తాతగారి మంచమెక్కింది. మా ఊరి జట్టు టెక్సాస్ రేంజర్స్. ఆ ఏడు ఎలా ఆడబోతుందో చదివి వినిపిస్తోంది. "తాతయ్యా, ఇతను నేథనియల్ లో. పోయినేడు యావరేజి పాయింట్ 302. చాలా మంచి బ్యాటర్" అంది.

"పాయింట్ 302 అంటే నూటికి 30నా?"

"అవును."

"మిగతా 70 సార్లు?"

"అవుటే తాతయ్యా!"

"మరి ఇతన్ని టీములోంచి తియ్యలేదా?"

అది పొట్ట పట్టుకుని నవ్వింది. "తియ్యడమేమిటి తాతయ్యా? బాగా కొడతాడని అవార్డు కూడా ఇచ్చారు!" అంది.

మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఆ పుస్తకం ఇలా ఇవ్వు" అన్నారు. నెలన్నరగా ఏ కాగితం మీదా చూపు నిలపని మనిషి కళ్ళజోడు అడిగి పెట్టించుకున్నారండీ!

ఆదాయం – వ్యయం

మర్నాడు మా అబ్బాయి చేత ఓ పెద్ద నోటుపుస్తకం తెప్పించుకున్నారు. స్కేలు పెట్టి గళ్ళు గీశారు. ఎడమవైపు 30 జట్ల పేర్లు. పక్కన వరసగా ఆదాయం, వ్యయం, బంతి విసిరేవాళ్ళు, దెబ్బలు, కొత్త పిల్లలు, చివర్న అంచనా.

ఆదాయం అంటే జట్టు చేసిన పరుగులు. వ్యయం అంటే ఎదుటివాళ్ళకి ఇచ్చిన పరుగులు. జట్టు భవిష్యత్తు చెప్పాలంటే, పోయినేడు ఎన్ని గెలిచిందని చూడడం కంటే ఈ రెండూ చూడడమే మేలని బిల్ జేమ్స్ అనే ఆయన ఏనాడో చెప్పాడు. దానికో చిన్న లెక్క ఉంది. చేసిన పరుగుల్ని దాంతో అదే గుణించాలి. ఇచ్చిన పరుగుల్నీ అలాగే గుణించాలి. రెండూ కూడగా వచ్చినదాంట్లో మొదటిది ఎన్నో వంతో, ఆ జట్టు గెలవాల్సిన ఆటలు ఇంచుమించు అన్నో వంతు.

మా రేంజర్స్‌నే చూడండి. 2021లో 102 ఓడింది. 2022లో 94 ఓడింది. ఎవరైనా ఏమంటారు? "ఇక దీని పని అంతే" అంటారు. కానీ 2022లో చేసిన పరుగులు 707, ఇచ్చినవి 743. మావారు లెక్క కడితే 77 ఆటలు గెలవాల్సిన జట్టని తేలింది. గెలిచింది 68. మరి మిగతా తొమ్మిది ఏమైనట్టు? ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటలు చూస్తే గుట్టు దొరికింది. అలాంటివి 50 ఆడితే గెలిచింది 15, ఓడింది 35! ఒక్క పరుగు తేడా ఆటల్లో అదృష్టం పాలు ఎక్కువ. ఆ దరిద్రం ఏటా అలాగే పట్టుకుని ఉండదు. అంటే పైకి కనిపించినంత చెడ్డ జట్టు కాదన్నమాట.

ఇది మన ఇంటి లెక్కే కదండీ! నెలాఖరుకి పర్సు ఖాళీ అయిందంటే ఇల్లాలికి పొదుపు తెలీదని అనేస్తారు. ఆ నెలలో రెండు పెళ్ళిళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, ఫ్రిజ్ రిపేరు వచ్చిపడ్డ సంగతి ఎవరు చూస్తారు? ఏటేటా వచ్చే ఖర్చేదో, ఆ నెలకే వచ్చిన ఖర్చేదో విడదీసి చూసినవాళ్ళే వచ్చే నెల సంగతి సరిగ్గా చెప్పగలరు.

తరవాతి గడి బంతి విసిరేవాళ్ళు. పిచర్లంటారు వాళ్ళని. మామూలుగా ఐదుగురు వంతులవారీగా ఆట మొదలుపెడతారు. అంత వేగంగా విసిరీ విసిరీ మోచేతి నరంలాంటి కండబంధం తెగిపోతుంది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు టామీ జాన్ అనే ఆటగాడికి దాన్ని బాగుచేసే ఆపరేషన్ మొదటిసారి చేశాడు. ఇప్పటికీ దాన్ని ఆ ఆటగాడి పేరుతోనే పిలుస్తారు. చేయించుకున్నవాడు మళ్ళీ మైదానంలోకి రావాలంటే ఏడాది పైనే పడుతుంది.

అంచనాలన్నీ తల్లకిందులయ్యేది ఇక్కడే. ఆవకాయకి మంచి కాయ తెస్తాం, గుంటూరు కారం, కొత్త ఆవపిండి, గానుగ నూనె. అన్నీ బాగున్నా జాడీలో ఎవరో తడి గరిటె పెడితే? అంతే సంగతులు. 2023 సీజన్ కోసం రేంజర్స్ వాళ్ళు జేకబ్ డిగ్రామ్ అనే పిచర్‌ని ఐదేళ్ళకి 18 కోట్ల 50 లక్షల డాలర్లకి తెచ్చుకున్నారు. ఆ ఏడాది ఆయన ఆడింది ఆరు ఆటలు. జూన్‌లో మోచేతికి ఆపరేషన్!

డబ్బుంటే చాలదా అంటారేమో. 2023లో అందరికంటే ఎక్కువ జీతాలిచ్చిన జట్టు న్యూయార్క్ మెట్స్. గెలిచింది 75 ఆటలు, ఓడింది 87. అదే ఏడు చాలా పొదుపుగా నడిచే టాంపా బే జట్టు 99 గెలిచింది. జీడిపప్పు ఎక్కువేస్తే పాయసం బాగానే ఉంటుంది, కాదనను. పాలు విరిగితే మాత్రం జీడిపప్పు ఏం చేస్తుంది చెప్పండి?

ఇక నా వంతు. లెక్కలు ఆయనవి, మనుషుల సంగతులు నావి. రేంజర్స్‌కి కొత్తగా వచ్చిన మేనేజరు బ్రూస్ బోచీ. ఇదివరకు శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకి 2010, 2012, 2014లో మూడుసార్లు వరల్డ్ సిరీస్ గెలిపించిన మనిషి. అందులో 2010లో ఓడించింది మా రేంజర్స్‌నే! 2019తో రిటైరై ఇంట్లో ఉన్నవాణ్ణి 67 ఏళ్ళ వయసులో పిలిచి పగ్గాలిచ్చారు. "మీ ఈడువాడేనండీ" అని మావారికి చూపించాను. ఆయన ఫొటో కేసి చూసి, "నడక కొంచెం కుంటుతున్నట్టుందే" అన్నారు. "కుంటుతూనే వచ్చాడుగా మరి" అన్నాను. ఆ సాయంత్రం మావారు వీధి చివరిదాకా నడిచొచ్చారు.

చివరి గడిలో మావారు ఒకే అంకె వెయ్యలేదు. రేంజర్స్‌కి ఎదురుగా "78 – 88" అని రాశారు. "అదేమిటి తాతయ్యా, ఒక్కటి చెప్పాలి" అంది మనవరాలు. "ఒక్కటి చెప్పేవాడు జోస్యం చెబుతున్నాడు. నేను అంచనా వేస్తున్నాను" అన్నారు. నాకా మాట ఎంత నచ్చిందో!

అంచనాకి అందనివి

ఆ ఏడు ఏమైందో చెప్పనా? రేంజర్స్ 90 ఆటలు గెలిచింది. అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు తనే చేసింది. ఆగస్టులో వరసగా ఎనిమిది ఆటలు ఓడింది. చివరి రోజు సియాటిల్ చేతిలో 1-0తో ఓడి డివిజన్‌లో మొదటి స్థానం పోగొట్టుకుంది. "అయిపోయింది" అనుకున్నారందరూ. అక్కణ్ణించి 99 ఆటలు గెలిచిన టాంపాని, 101 గెలిచిన బాల్టిమోర్‌ని, ఆ తరవాత హ్యూస్టన్‌ని ఓడించింది. పరాయి ఊళ్ళలో ఆడిన 11 ఆటలూ గెలిచింది. 2023 నవంబరు 1న, మన దీపావళికి 11 రోజుల ముందే, మా వీధిలో టపాకాయలు కాల్చారు. ఆ జట్టు పుట్టింది 1961లో. అన్నేళ్ళలో అదే మొదటి వరల్డ్ సిరీస్! ఎదురు జట్టు అరిజోనా అంతకు రెండేళ్ళ ముందు 110 ఆటలు ఓడిన జట్టు.

అంత గెలిపించినవాళ్ళలో ఎడోలిస్ గార్సియా ఒకడు. 2021 ఫిబ్రవరిలో రేంజర్సే ఇతన్ని ముఖ్యమైన జాబితాలోంచి తీసేసింది. కావాలంటే తీసుకోండని మిగతా 29 జట్లకీ అవకాశమిస్తే ఒక్కళ్ళూ చెయ్యెత్తలేదు. ఇంకొకడు ఎవన్ కార్టర్, 21 ఏళ్ళ కుర్రాడు. సెప్టెంబరులో వచ్చి అక్టోబరులో అదరగొట్టాడు. ఫిబ్రవరిలో రాసిన ఏ లెక్కలో పడతాడు చెప్పండి?

లెక్కలు కట్టేవాళ్ళకి ఇలాంటివి కొత్త కాదు. పెకోటా అని పేరున్న పద్ధతి ఒకటుంది. బిల్ పెకోటా అనే ఓ సాదాసీదా ఆటగాడి పేరు కలిసొచ్చేలా పెట్టారు. 2015లో ఆ పద్ధతి కాన్సస్ సిటీ జట్టు 72 ఆటలు గెలుస్తుందని చెప్పింది. ఆ జట్టు 95 గెలిచి వరల్డ్ సిరీస్ కూడా కొట్టుకుపోయింది. ఇంకా చిత్రం, ఆ పెకోటా అనే ఆటగాడు ఒకప్పుడు ఆడింది ఆ కాన్సస్ సిటీ జట్టుకే!

మన ఆడవాళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2020 నవంబరులో మయామీ జట్టు కిమ్ ఆంగ్ అనే ఆవిడని జనరల్ మేనేజరుగా పెట్టుకుంది. పెద్ద లీగ్‌లో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ. 2022లో ఆ జట్టు 93 ఓడింది. 2023లో 84 గెలిచి అక్టోబరు పోటీలకి చేరింది. ఆ ఏడాది చివర ఆవిడ తనంతట తనే తప్పుకుంది. మా నోటుపుస్తకంలో ఆ జట్టు పక్కన నేను చిన్న చుక్క పెట్టుకున్నాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

అంచనా ఎక్కువ వేస్తే జరిగేది కూడా చూడాలి. మరుసటేడు, 2024లో, "ఛాంపియన్లు కదా" అని రేంజర్స్ మీద అందరూ ఆశలు పెట్టుకున్నారు. 78 గెలిచి 84 ఓడింది. 2025లో 81 గెలుపులు, 81 ఓటములు. సరిగ్గా త్రాసు పెట్టి తూచినట్టు! అదే 2025లో అందరూ ముందునించీ గెలుస్తుందన్న లాస్ ఏంజెలిస్ డాడ్జర్సే గెలిచింది. కానీ ఎలా? ముందటేడు తన డివిజన్‌లో అట్టడుగున ఉన్న టొరంటో జట్టు, ఏడో ఆట పదకొండో ఇన్నింగ్స్ దాకా ఊపిరాడనివ్వలేదు. చెప్పింది జరిగినప్పుడు కూడా చెప్పినంత తేలిగ్గా జరగదు మరి.

మరి లెక్కలెందుకు?

"ఇన్నిసార్లు తప్పేదానికి లెక్కలెందుకమ్మా?" అని మా చెల్లెలు ఫోనులో అడిగింది. మంచి ప్రశ్నే. మావారు చెప్పిన జవాబు మీకూ చెబుతాను. వానలు పడతాయో లేదో తెలీదని రైతు విత్తనాలు కొనడం మానేస్తాడా? లెక్క కట్టడం వల్ల ఏది మన చేతిలో ఉందో, ఏది లేదో తెలుస్తుంది. పరుగు తేడా ఆటల్లో అదృష్టం మన చేతిలో లేదు. రోజూ మైదానానికి వెళ్ళడం మన చేతిలో ఉంది.

మందులు, నడక, ఉప్పు తగ్గించడం ఈ మూడూ మావారి చేతిలో ఉన్నవి. నోటుపుస్తకం వెనక అట్ట మీద వాటికీ గళ్ళు గీసుకున్నారు. రోజుకో టిక్కు. ఊరగాయ ముట్టుకోకుండా ఉండడం మా గుంటూరు మనిషికి ఎంత కష్టమో మీరే ఊహించుకోండి! నేను పప్పులో ఉప్పు తగ్గించి నిమ్మకాయ పిండాను, కూరల్లో వేయించిన జీలకర్రపొడి, కొత్తిమీర ఎక్కువ వేశాను. జూలైలో మళ్ళీ ఎకో తీస్తే 40 వచ్చింది. "పాసయ్యానోయ్" అంటారేమో అనుకున్నాను. అనలేదు. "ఇందులో పాసు మార్కు లేదు, ఎకో పక్కన ఎకో పెట్టి చూసుకోవడమే" అన్నారు. అందరికీ అలా పెరుగుతుందని నేను చెప్పడం లేదు. ఎవరి గుండె సంగతి వాళ్ళ డాక్టరే చెప్పాలి. పెరగకపోయి ఉంటే కూడా ఆ ఆరు నెలలు ఆయన మంచం మీద కాక మనిషిలా మాతో గడిపారు కదా. నాకది చాలు.

మనం కూడా రోజూ అంకెలతో మనుషుల్ని తూస్తూనే ఉంటాం. పిల్లాడికి లెక్కల్లో 42 వచ్చాయి. సంబంధం వాళ్ళు అడిగిన ఎత్తుకి అమ్మాయి రెండంగుళాలు తక్కువ. కొత్త కోడలు వండిన మొదటి వంటలో ఉప్పెక్కువైంది. అంతే, "వీడింతే", "దీనికి కష్టం", "ఈ పిల్లకి పనిరాదు" అని సీజన్ మొదలవకుండానే ఫలితం రాసేస్తాం. ఆ 42 వచ్చిన పరీక్షలో క్లాసులో మిగతావాళ్ళకి ఎంతొచ్చాయి? పోయినసారి వీడికి 28 వస్తే ఇప్పుడు 42 వచ్చాయా? పరీక్ష రోజున జ్వరముందా? ఇవేవీ అడగం. బేస్‌బాల్ లెక్కలు కట్టేవాడు కూడా ఇవన్నీ అడక్కుండా కలం పట్టుకోడు. మన పిల్లల మీద మనకి ఆ మాత్రం శ్రద్ధ ఉండొద్దూ?

ఇంట్లో ఎవరికైనా ఏదైనా అంకె చేతికిస్తే, అది డాక్టరిచ్చినా, స్కూలిచ్చినా, మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇది ఎన్నింటికి? మామూలుగా అందరికీ ఎంత ఉంటుంది? ఇంతకుముందు ఎంత ఉండేది? డాక్టర్ని అడగడానికి మొహమాటపడకండి. మొదటిసారి అర్థం కాకపోతే రెండోసారి చెప్పించుకోండి, కాగితం మీద రాయించుకోండి. భయం వేసినప్పుడు చెవులు సగమే పనిచేస్తాయి. అందుకే పక్కన ఇంకొకళ్ళు కూర్చోవడం మంచిది.

ఇక మీ చుట్టాలెవరైనా అమెరికాలో ఉండి, వేసవిలో మీరు అక్కడికి వెళ్ళాల్సి వస్తే, పిల్లలు ఆఫీసులకీ స్కూళ్ళకీ పోయాక పగలంతా గోడలు చూస్తూ కూర్చోకండి. సాయంత్రం టీవీలో ఈ ఆట పెట్టించుకోండి. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చూడొచ్చు, ఒక గిన్నె నిండేలోపు పెద్దగా ఏమీ జరగదు! మీ ఊరి జట్టు ఎన్ని గెలుస్తుందో మీరూ ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఒక్క అంకె కాదు సుమండీ, ఇంతనుంచి ఇంతవరకు అని రాయాలి. ఇక 162 ఆటలూ ఆ మధ్య ఖాళీలో ఏం జరుగుతుందో చూడ్డమే.